మఫిన్ ట్రేలో బాంబే టోస్టు: రాత్రి నానబెట్టు, పొద్దున ఓవెన్‌లో పెట్టు

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి, బైరాగిపట్టెడ. పెద్దోడు ఆరో తరగతి, చిన్నది మూడు. స్కూలు బస్సు ఏడుంబావుకి వస్తుంది. మా ఆయనకి కొండ మీద డ్యూటీ, ఆరున్నరకల్లా డబ్బా కట్టి ఇయ్యాల. పొద్దున దోసెలు పోస్తా నిలబడితే పిల్లకి జడ వేసేవాళ్ళు ఉండరు. వీడియోలో చూసి మఫిన్ ట్రేలో ఫ్రెంచ్ టోస్టు, అదే మన బాంబే టోస్టు, చేశాను. ఆరు గుంతల ట్రే, మామూలు ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్. అప్పుడే కొన్న బ్రెడ్డు ముక్కలు చేసి, రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, చక్కెర కలిపి పోసి అరగంట పెట్టాను. పైన మాడింది, లోపల పాలు పాలుగానే ఉంది. అడుగున అతుక్కుంటే స్పూనుతో గీకాను. చిన్నది నీసు వాసన అని ముట్టుకోలేదు. మా అత్త ‘ఇడ్లీ, దోసె ఉండగా ఈ కేకులేందే’ అనింది. ఎక్కడ తప్పు చేశాను? ముందురోజే చేసి పెట్టుకోవచ్చా? ఇంకో సంగతి: శనివారం మా ఇంట్లో గుడ్డు ఉండదు, అత్త అసలు తినదు, ఆయన డబ్బాలో పెట్టకూడదు. గుడ్డు లేకుండా కుదురుతుందా?

జవాబు: చెల్లెమ్మా, అక్కా అన్నావు కాబట్టి నువ్వనే రాస్తాను. నీ ఓటీజీకి ఏ జబ్బూ లేదు. రెండు గుడ్లకి రెండు గ్లాసుల పాలు పోశావు చూడు, పేచీ అక్కడ మొదలయింది. గుడ్డు వేడికి గట్టిపడేటప్పుడు చుట్టూ ఉన్న పాలని పట్టుకుని ఉంచుతుంది. రెండు గుడ్లు అన్ని పాలని పట్టలేవు. పెనం మీద బాంబే టోస్టు చేస్తే ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే అక్కడ స్లైసుకి పైపైన అంటేది కొంచెమే, మిగిలింది గిన్నెలోనే ఉండిపోతుంది. మఫిన్ ట్రేలో పోసిందంతా గుంతలోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. అందుకే పెనం కొలత ట్రేకి పనికిరాదు.

ఆరు గుంతలకి నేను వాడే కొలత ఇది. బ్రెడ్డు ఏడు స్లైసులు, గుడ్లు మూడు, పాలు ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు. చక్కెర మూడు పెద్ద స్పూన్లు, చిటికెడు ఉప్పు, నాలుగు యాలకుల పొడి. ఉప్పు మానేయొద్దు, అది లేకపోతే చప్పిడి పథ్యం తిన్నట్టు ఉంటుంది. ఈ లెక్కన ఒక్కోదానిలో అర గుడ్డు పడుతుంది, పిల్లలు రెండు తింటే ఒక గుడ్డు తిన్నట్టే.

ఇంక బ్రెడ్డు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే వీడియోల వాళ్ళు అందరూ దీన్ని దాటేసి పోతారు. ఫ్రెంచి వాళ్ళు ఈ వంటని ‘పాన్ పెర్డ్యూ’ అంటారు, అంటే పోయిన రొట్టె అని. గట్టిపడి పనికిరాకుండా పోయిన రొట్టెని పాలలో, గుడ్డులో నానబెట్టి మళ్ళీ తినేట్టు చేసుకోవడం. మనం రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున సద్దన్నం చేసుకున్నట్టే. తాజా బ్రెడ్డుతో సద్దన్నం చేయబోతే ఏమవుతుందో నీకు తెలిసింది కదా. తాజా ముక్క మెత్తగా తడిగా ఉంటుంది, పాలు తగలగానే పైన పేస్టులా అయిపోయి లోపలికి పోనివ్వదు. ఆరిన ముక్క అయితే స్పాంజిలాగా లోపలిదాకా పీల్చుకుని కూడా దాని ఆకారంలో అది ఉంటుంది.

కాబట్టి నిన్నటిదో మొన్నటిదో వాడు. బ్రెడ్డుని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, గట్టిపడుతుంది అంటారే, నిజమే, బయట కంటే ఫ్రిజ్ చల్లదనంలోనే తొందరగా గట్టిపడుతుంది. మనకి కావలసింది అదే కాబట్టి ముందురోజే పెట్టేయి. అంత ముందుచూపు లేకపోతే అంగుళం ముక్కలుగా కోసి, ఓటీజీలో 150 డిగ్రీల దగ్గర ఎనిమిది పది నిమిషాలు ఆరబెట్టు. రంగు మారకూడదు, పట్టుకుంటే పైన గరగరలాడాలి, అంతే. అంచులు కోసి పారేయొద్దు, తినేటప్పుడు పంటికి తగిలేది అవే. బేకరీలో కోయకుండా అమ్మే లోఫ్ దొరికితే ఇంకా మంచిది, స్లైసు కావలసినంత మందంలో కోసుకోవచ్చు. నాలుగు రోజుల క్రితం బన్నులు మిగిలినా ఇందులోకి పనికొస్తాయి, బూజు మాత్రం చూసుకో. ఒక మూల పచ్చగా కనబడితే ఆ మూల తుంచేసి మిగతాది వాడే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది, బ్రెడ్డు విషయంలో అది వద్దు, మొత్తం పారేయి.

నీసు వాసన సంగతి. గుడ్డు పగలగొట్టినప్పుడు పచ్చసొనకి రెండు పక్కలా తెల్లటి దారం లాంటిది అంటుకుని ఉంటుంది, చూసే ఉంటావు. ఎంత గిలక్కొట్టినా అది కరగదు. దాంతోపాటు సరిగా కలవని తెల్లసొన కూడా ఉంటే, గుంతలో ఒక పక్కకి చేరి ఉడికి, బ్రెడ్డు మధ్యలో తెల్లటి రబ్బరు ముక్కలాగా తగులుతుంది. మీ చిన్నది తినకపోవడానికి సగం కారణం అదే అనుకుంటా. గుడ్లు, ఉప్పు, చక్కెర ముందు బాగా గిలక్కొట్టి, పాలు పోసి, టీ వడకట్టే జల్లెడలో వడకట్టేయి. జల్లెడలో మిగిలే జిగురు చూస్తే నీకే తెలుస్తుంది. మిగతా సగం కారణం ఎక్కువ సేపు ఉడకడం. ఎక్కువ ఉడికిన గుడ్డుకి ఆ గంధకం వాసన వస్తుంది. వాసన కోసం యాలకులో దాల్చినచెక్క పొడో వేస్తాం, కానీ అవి వేసి గుడ్డుని మాడబెడితే యాలకుల వాసన, నీసు వాసన రెండూ కలిసి వస్తాయి.

ముందురోజు చేసుకోవడానికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది, రాత్రి నానబెట్టి పొద్దున కాల్చడం. రాత్రి తొమ్మిదింటప్పుడు గిన్నెలో బ్రెడ్డు ముక్కలు వేసి, వడకట్టిన పాలు పోసి, ముక్కలన్నీ తడిసేట్టు చేత్తో మెల్లగా కలిపి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయి. వీడియోల్లో ట్రేలోనే పోసి ఫ్రిజ్‌లో పెడతారు. నాకది నచ్చదు. ట్రే ఫ్రిజ్‌లో ఒక అరంతా ఆక్రమిస్తుంది, మూత సరిగా పడక సాంబారు వాసన పడుతుంది, రాసిన నెయ్యి మీద రాత్రంతా పాలు నిలబడి పొద్దునకి మళ్ళీ అతుక్కుంటుంది. గిన్నె అయితే ఏ గొడవా లేదు.

పొద్దున ఐదూ యాభైకి లేచి ఓటీజీ 180 డిగ్రీల మీద పెట్టు, కింది రాడ్డు, పై రాడ్డు రెండూ వెలగాలి. పది నిమిషాలు వేడెక్కనీ. నువ్వు ఒట్టి పై రాడ్డు పెట్టావేమో చూసుకో, పైన మాడి లోపల పచ్చిగా ఉందంటే నాకు ఆ అనుమానమే. లేకపోతే ట్రేని పై అరలో పెట్టి ఉంటావు. మధ్య అరలో పెట్టాలి. అది వేడెక్కేలోగా ట్రేకి నెయ్యి రాయి. వెన్న రాస్తే అందులోని నీళ్ళు, పాలపొడి లాంటి భాగం అడుగున మాడుతుంది, నెయ్యికి ఆ బాధ లేదు. గుంతల లోపలే కాదు, గుంతల మధ్య పైభాగానికి కూడా రాయాలి, పొంగినప్పుడు అక్కడికి వచ్చి అంటుకునేది అదే. తర్వాత ముక్కలు గుంతల్లోకి వేసి, గిన్నెలో మిగిలిన పాలు సమంగా పోయి. గుంత పైన రెండు మూడు ముక్కలు తల ఎత్తి ఉండాలి, అవే కరకరలాడతాయి. అదిమి కూరొద్దు. పైన ఇంకొంచెం చక్కెర చల్లాలని చెయ్యి లాగుతుంది, చల్లితే ముక్కల మీద మాత్రమే చల్లు. పక్కకి జారిన చక్కెర పాకమై చల్లారాక జిగురుకంటే గట్టిగా పట్టుకుంటుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నె కాబట్టి ఇరవై ఐదు నుంచి ఇరవై ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఇరవై నిమిషాలప్పుడు అద్దంలోంచి చూడు. గుంతలు ఆరూ బొజ్జలు ఉబ్బించుకుని ట్రే పైకి లేచి ఉంటాయి, అంచుల్లో చిన్న చిన్న బుడగలు తుకతుకమంటుంటాయి. పైన రంగు ముందే వచ్చేస్తే ఫాయిల్ కాగితం కప్పు. మధ్యలో సన్న చాకు గుచ్చి చూస్తే తడి ఉండొచ్చు, పాలు కారకూడదు. బయటికి తీసిన రెండు నిమిషాలకి అవన్నీ కుంగిపోతాయి. కంగారు పడొద్దు, లోపలి ఆవిరి పోయింది, అంతే. అప్పుడే తీయబోతే మాత్రం విరుగుతాయి. ఐదారు నిమిషాలు ఆగితే గుడ్డు బిగిసి అంచులు తమంతట తామే ట్రేని వదులుతాయి. చాకు మొన అంచు చుట్టూ ఒకసారి తిప్పి స్పూనుతో లేపితే పొంగణం లేచినట్టు లేస్తుంది. నువ్వు గీకింది ఈ ఐదు నిమిషాలు ఆగకే అయి ఉంటుంది. ఈ మొత్తంలో నువ్వు పొయ్యి దగ్గర నిలబడేది పది నిమిషాలు. జడ వేసుకోవచ్చు, డబ్బా కట్టుకోవచ్చు. కరెంటు ఖర్చా? 1,200 వాట్ల ఓటీజీ నలభై నిమిషాలు వెలిగినా ఒక యూనిట్టు దాటదు. పదహారు ఆంపియర్ల పవర్ ప్లగ్గులోనే పెట్టు, మిక్సీ ప్లగ్గులో వద్దు.

రెండో దారి ఆదివారం సాయంత్రమే కాల్చి పెట్టుకోవడం. రెండు విడతలు వేస్తే పన్నెండు వస్తాయి. పూర్తిగా చల్లారాక డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు బాగుంటాయి. ఇంకా ఎక్కువ రోజులకైతే పళ్ళెంలో విడివిడిగా పెట్టి గడ్డకట్టాక కవర్లో వేసి డీప్ ఫ్రిజ్‌లో ఉంచు, నెల పైనే ఆగుతాయి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా: చల్లారనీ అని వంటింటి గట్టు మీద పెట్టి మర్చిపోవద్దు. పాలు, గుడ్డు ఉన్న పదార్థం మామూలు రోజుల్లో రెండు గంటలు, తిరుపతి ఎండాకాలంలో గంట, అంతకుమించి బయట ఉండకూడదు. రాత్రి నానబెట్టిన గిన్నెకీ ఇదే లెక్క. రాత్రంతా కరెంటు పోయి ఫ్రిజ్ వెచ్చబడి ఉంటే ఆ గిన్నె పారేయి, మూడు గుడ్లు పోయాయని బాధపడొద్దు.

తిరిగి వేడి చేయడానికి మైక్రోవేవ్‌లో అర నిమిషం చాలు, కాకపోతే మెత్తబడి మొద్దులాగా ఉంటుంది. నేనైతే అడ్డంగా రెండుగా కోసి, కోసిన వైపు కిందికి పెట్టి, దోసె పెనం మీద చుక్క నెయ్యితో సన్న మంట మీద మూత పెడతాను. రెండు నిమిషాలకి ఆ వైపు ఎర్రగా కాలుతుంది. నిజం చెప్పాలంటే మొదటిరోజు కంటే ఇట్లా రెండోరోజు తిన్నదే మా ఇంట్లో ఎక్కువ నచ్చుతుంది.

ఇంక గుడ్డు లేకుండా. కుదురుతుంది, బాగా కుదురుతుంది. మీ ఆయన డబ్బా అలిపిరి తనిఖీ దాటి కొండెక్కాలి, అక్కడ గుడ్డు మాంసాహారం కిందే లెక్క, అందులో చర్చ లేదు. దీనికి కస్టర్డ్ పొడి వాడు. గుడ్డుకి బదులుగానే పుట్టిన పొడి అది. 1837లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల షాపాయన, భార్యకి గుడ్డు పడకపోతే, మొక్కజొన్న పిండితో గుడ్డు లేని కస్టర్డ్ చేసి పెట్టాడు. మనకి దొరికేది కూడా మొక్కజొన్న పిండి, రంగు, వాసన, అంతే. ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూసి కొనుక్కో.

ఆరు గుంతలకి 300 మిల్లీలీటర్ల పాలు, కస్టర్డ్ పొడి రెండు పెద్ద స్పూన్లు, చక్కెర మూడు స్పూన్లు. కొంచెం చల్లటి పాలలో పొడి ఉండలు లేకుండా కలిపి, మిగతా పాలు కాగాక అందులో పోసి, గరిటెకి పలచగా అంటేదాకా తిప్పి దించేయి. పొడిని పచ్చి పాలలో కలిపి నేరుగా బ్రెడ్డు మీద పోస్తే పొడంతా గుంత అడుక్కి చేరుతుంది, నేను చేసి చూశాను, అడుగున పసుపు పచ్చ గచ్చు, పైన ఒట్టి పాల బ్రెడ్డు. గోరువెచ్చగా అయ్యాక ఆరిన ముక్కలు వేసి పది నిమిషాలు నానబెట్టి అదే వేడిలో ఇరవై నిమిషాలు కాల్చు. ఇది గుడ్డులాగా వేడిలో బిగుసుకోదు, చల్లారే కొద్దీ గట్టిపడుతుంది. కాబట్టి ఐదు నిమిషాలు కాదు, పావుగంట ఆగి తీయాలి. ఆయన డబ్బాకి ముందురోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఇంకా నయం. వెంకన్నకి ఒక్కపొద్దులుండే పెరటాసి నెల శనివారాలకీ ఇదే.

మీ అత్త సంగతి. గుడ్డు వండిన ట్రేలో చేసింది ఆమె తినదు, తినమని అడగనూ కూడదు. ఆమెకి వేరే ట్రే కొనక్కర్లేదు. చిన్న స్టీలు గిన్నెలు నాలుగు వేరే పెట్టు, నెయ్యి రాసి వాటిల్లో పోసి ఓటీజీలో పెట్టొచ్చు, స్టీలుకి ఏం కాదు. మూతలు, ప్లాస్టిక్ పిడులు లేనివి చూసుకో. ఇంక ఆమె అన్న మాట అంటావా, అందులో సగం నిజం. ఇడ్లీ కూడా పెట్టి వదిలేసే పనే, ఆ మాటకొస్తే మన ఇడ్లీ పళ్ళెం మఫిన్ ట్రేకి అక్క వరస. రుబ్బిన పిండి ఉన్న రోజు ఇడ్లీనే పెట్టు. పిండి అయిపోయిన రోజులు, లేటుగా నిద్రపోయిన రోజులు వారానికి రెండు ఉంటాయి కదా, వాటికి ఇది. రోజూ తీపి టిఫిను పిల్లలకి మంచిది కూడా కాదు.

తీపి వద్దంటే చక్కెర మానేసి అర స్పూను ఉప్పు, మిరియాల పొడి, కొత్తిమీర, సన్నగా తరిగిన పచ్చిమిర్చి వేసి కారం టోస్టు చేయి. ఉల్లిపాయ వేస్తే ముందు వేయించి వేయి, పచ్చిదైతే నీళ్ళు ఊరి మళ్ళీ నీ మొదటి రోజు కథే అవుతుంది. పండ్లకీ ఇదే. ఒక జూన్‌లో, తోతాపురి గంపలు వీధి వీధికీ వస్తున్నాయి కదా అని, పాలలో సగానికి సగం మామిడి గుజ్జు కలిపాను. నలభై నిమిషాలు కాల్చినా గుజ్జు గుజ్జుగానే ఉంది, పొంగి రాడ్డు మీద పడి వంటిల్లంతా పొగ. మా ఆయన గ్యాసు లీకయిందని సిలిండరు మూసేశాడు, ఓటీజీ కరెంటుదని ఆయనకి ఎవరు చెప్పాలి. పండు ముక్కలు తినేటప్పుడు పక్కన పెట్టుకో. అరటిపండు ఒక్కటే గుంతకి రెండు చక్రాల చొప్పున లోపల పెట్టొచ్చు. తేనెకి బదులు చిత్తూరు బెల్లం కొంచెం నీళ్ళలో కరిగించి వడకట్టి పాకంలా చేసి పెట్టుకో, ప్లేటులో తినేటప్పుడు పైన పోసుకోవడానికి. కాగే పాలలో మాత్రం బెల్లం వేయకు, విరుగుతాయి.

పొద్దున్నే కరెంటు పోతే? గుంతపొంగణాల పెనం ఉంది కదా. నానిన ముక్కల్ని స్పూనుతో కాస్త చిదిపి, గుంతకి అర స్పూను నెయ్యి వేసి, నింపి, సన్న మంట మీద మూత పెట్టు. నాలుగు నిమిషాలకి పుల్లతో తిప్పి ఇంకో మూడు నిమిషాలు. చిన్నవి కాబట్టి లోపల పచ్చిగా ఉండే ప్రశ్నే లేదు. ఇడ్లీ పళ్ళెంలో ఆవిరి మీద పెట్టొచ్చా అని అడుగుతావేమో, పెట్టొచ్చు, కానీ అది టోస్టు కాదు, మెత్తటి పుడ్డింగు. పైగా చిల్లులున్న పళ్ళెమైతే పాలన్నీ కింది నీళ్ళలోకే పోతాయి.

నువ్వు అడగలేదు గానీ, అతుక్కోకుండా ఉంటాయని రంగురంగుల కేకు కాగితం కప్పులు కొనబోతావేమో, వద్దు. ఆ పలచటి కాగితం పాలకి తడిసి టోస్టుకే అంటుకుంటుంది, పిల్లలు బస్సులో కాగితంతో సహా నమిలేస్తారు. కొంటే బటర్ పేపర్ చుట్ట ఒకటి కొని, చదరంగా కత్తిరించి గుంతలో నొక్కు. దాని చెవులు పట్టుకుని పైకి లాగితే టోస్టు నేరుగా టిఫిను డబ్బాలోకి వస్తుంది.